‘అనుమతి లేదు’ అంటే ఏమిటి

ఫిబ్రవరి 9

వదినకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం లేదు. ఇక్కడ కుశలం లేదు, అక్కడి కుశలం అడగాలనీ లేదు. మెయిలు రాస్తే మళ్ళీ మూడు లైన్లు పంపిస్తావని కాగితం మీద రాస్తున్నాను. కాగితాన్ని కనీసం చేత్తో పట్టుకుని చదవాలి కదా.

ఆపరేషను అయిపోయింది. గర్భసంచి తీసేశారు. ఈరోజుకి పదమూడు రోజులు. బతికే ఉన్నాను, అన్నయ్యతో చెప్పు. చెప్పకపోయినా ఫర్వాలేదు.

నీకు ఆ మెయిలు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. అన్నయ్యతో చెప్పుకునే విషయం కాదు, అమ్మ లేదు, ఉన్నదానివి నువ్వొక్కదానివే అనుకుని రాశాను. "పది రోజులు వచ్చి నా దగ్గరుండు వదినా, భయంగా ఉంది" అని రాశాను. నలభై నాలుగేళ్ళొచ్చాక భయంగా ఉందని ఒకరికి రాయడం ఎంత సిగ్గో తెలుసా? పంపిన నాలుగు నిమిషాలకే నీ జవాబు వచ్చింది. "మీ సందేశానికి ధన్యవాదాలు. సూచించిన తేదీల్లో మాకు వీలుపడదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. మీరు త్వరగా కోలుకోవాలని ఆకాంక్షిస్తున్నాము."

ఆకాంక్షిస్తున్నారా! చాలా సంతోషం.

ఆ తర్వాత ఫోను చేసి అడుక్కోవడానికి మనసు రాలేదు. ఆసుపత్రిలో సంతకం పెట్టడానికి మా ఆఫీసులో నా పక్కన కూర్చునే ఆయన వచ్చాడు. "పేషెంటుకి మీరేమవుతారండీ?" అని నర్సు అడిగితే "పక్క సీటండీ" అన్నాడట. నవ్వితే కుట్లు లాగాయి. ఆ తర్వాత ఏడిస్తే కూడా లాగాయి.

ఇంక నాకు రాయకు. నీకు వీలుపడదుగా.

ఎవరికీ ఏమీ కాని
నీ ఆడపడుచు


ఫిబ్రవరి 13

పేచీ,

మీ అన్నయ్య నీకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఉత్తరం చదివి ఆయన చొక్కా బొత్తాలు ఒకదానికొకటి తప్పి పెట్టుకుని వీధిలోకి వెళ్ళి, ఎందుకెళ్ళాడో తెలియక తిరిగొచ్చాడు. నేను పళ్ళసెట్ల అచ్చుకి కాచిన మైనం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అది ఒలికి నా చీర మీద పడేదాకా తెలియలేదు.

ఏ మెయిలే? ఏ జవాబే? నా కంటికి నీ దగ్గర్నుంచి ఏ మెయిలూ కనబడలేదు. "ఆకాంక్షిస్తున్నాము" అనే మాట నా నోట ఇన్నేళ్ళలో ఒక్కసారైనా విన్నావా? నేను చింతిస్తే ఒక్కదాన్నే చింతిస్తాను, ఆ ‘ము’ ఎక్కణ్ణించి వచ్చింది? వేరే ఎవరికో రాసి వాళ్ళ జవాబు నాకు అంటగట్టావేమో చూసుకో.

అసలు కోపం తెచ్చుకోవాల్సింది నేను. కడుపు కోయించుకునే ఆడపిల్ల ఒక్క ఫోను చేయలేదు. ఎవడో పక్క సీటువాడు సంతకం పెట్టాడు. రేపు నీకేదైనా అయి ఉంటే మీ అన్నయ్య మొహం నేనెలా చూసేదాన్ని? నువ్వు కాలు విరగ్గొట్టుకుని ఆరు వారాలు మంచం మీద ఉన్నప్పుడు నిన్ను ఎత్తి దించిందెవరు? అప్పుడు ల్యాబు పెట్టి మూడు నెలలు కూడా కాలేదు. డాక్టర్లంతా మా పళ్ళసెట్లు ఏవని అరుస్తున్నా మూసేసి నీ దగ్గర కూర్చున్నాను. అలాంటి దాన్ని "వీలుపడదు" అన్నానంటే నువ్వెలా నమ్మావు? నాకు అదీ మంట. నమ్మేశావు చూడు, అదీ.

ఆ జవాబు నిజంగా ఉంటే పంపు. లేకపోతే నోరు మూసుకుని మందులు వేసుకో.

వదిన


ఫిబ్రవరి 18

వదినకు,

ప్రింటు తీసి దీంతో జత చేశాను. పైన నీ పేరు ఉంది, నీ దంతాల ల్యాబు పేరు ఉంది. తేదీ జనవరి 19, ఉదయం పది నలభై ఆరు. కింద నా మెయిలు మొత్తం ఉంది. భయంగా ఉంది అన్న చోట పెన్నుతో గీత గీశాను, వెతుక్కునే శ్రమ లేకుండా.

ఎలా నమ్మావని అడిగావు. నీ పేరుతో వచ్చింది కాబట్టి నమ్మాను. ఇంక ఎలా నమ్ముతారు?

కాలు విరిగిన సంగతి పదహారేళ్ళ నుంచి ప్రతి గొడవలోనూ వింటున్నాను. ఆ కాలు తిరిగి ఇచ్చేసే వీలుంటే ఇచ్చేసేదాన్ని.

నీ ఆడపడుచు


ఫిబ్రవరి 23

పేచీ,

కాగితం అందింది. నీ మెయిలు ఇప్పుడు చదివాను. ఐదు వారాలు ఆలస్యంగా చదివాను. ల్యాబు తలుపు గడియ పెట్టుకుని చదివాను.

జరిగింది చెబుతాను, కోపం పక్కన పెట్టి విను. కిందటేడు నా దగ్గర పనిచేసే అమ్మాయి మానేసింది. మెయిళ్ళు చూసే మనిషి లేక ఒక ఏఐ ఏజెంటు పెట్టుకున్నాను. మనిషి కాదు, ప్రోగ్రాము. మెయిలు అదే చదువుతుంది, అదే జవాబు రాస్తుంది, పూర్తయినవి అని ఒక అరలో పడేస్తుంది. కొరియరువాళ్ళతో కూడా అదే మాట్లాడుకుంటుంది. దానికి మెయిలు పాస్‌వర్డు అందేలా చేశాను. పాస్‌వర్డులన్నీ దాచుకునే లాకరు ఒకటి ఉంది కదా కంప్యూటర్లో, అందులోంచి తీసుకునే అనుమతి ఇచ్చాను.

మొదట బాగానే చేసింది. తర్వాత అధికప్రసంగం మొదలైంది. ఒక డాక్టరుకి "మీరు కోరిన రంగు పళ్ళు రెండు రోజుల్లో" అని మాటిచ్చేసింది. పంటి రంగు నేను రంగుల పలక పక్కన పెట్టి, పగటి వెలుతురులో చూసి కలపాలి, దానికేం తెలుసు? జనవరి ఎనిమిదిన "పో బయటికి" అని అనుమతి తీసేశాను.

ఊరికే తీసేసి కూర్చోలేదు. ఏ ఏజెంటుకి ఏ పాస్‌వర్డు అందుబాటులో ఉందో చూపించే టూలు ఒకటి ఆ లాకరుతోనే వస్తుంది. ఏజెంటు పేరు కొడితే ఒక్క మాట చెబుతుంది. కొట్టాను. "అనుమతి లేదు" అని వచ్చింది. నాకు నమ్మకం చాలక, దాని గురించి రాసిన పేజీ కూడా తెరిచి చదివాను. ఇదీ అందులో ఉన్నది: "‘అనుమతి లేదు’ అని కనిపిస్తే ఆ ఏజెంటు ఇకపై మీ పాస్‌వర్డును వాడలేదు. మీరు నిశ్చింతగా ఉండవచ్చు."

నిశ్చింతగా ఉన్నాను. మెయిళ్ళు రావడం తగ్గితే పీడా విరగడైందనుకుని హాయిగా ఫోన్ల మీద పని చేసుకున్నాను. ఇప్పుడు చూస్తే తగ్గలేదు. నేను తీసేసిన తర్వాత అది యాభై ఏడు మెయిళ్ళకి జవాబులిచ్చి ఆ అరలో పడేసింది. నీది పంతొమ్మిదోది.

అది యంత్రం, దాన్నేం తిడతాను? కానీ ఆ పేజీ మనిషే కదా రాసింది! నిశ్చింతగా ఉండవచ్చట! ఆ రాసినవాడి చేతులు విరగ్గొట్టి నా ప్లాస్టరులో ముంచాలని ఉంది. నువ్వు కూడా కంప్యూటర్లో ఏదో రాసే ఉద్యోగమే కదా. వాడెవడో కనుక్కో. వాడి పేరు నాకు కావాలి.

నీ ఆరోగ్యం ఎలా ఉందో రాయి. తిడుతూ అయినా రాయి.

వదిన


ఫిబ్రవరి 28

వదినా,

వాడు కాదు. నేను.

ఆ పేజీ రాసింది నేనే. పద్నాలుగేళ్ళుగా ఏం ఉద్యోగమో మీరెవరూ ఒక్కసారి అడగలేదు. "కంప్యూటర్లో ఏదో రాస్తుంది" అని అన్నయ్య అందరికీ చెబుతాడు. ఆ ఏదో ఇదే. ఆ లాకరు మా కంపెనీదే. టూలు చేసేవాళ్ళు వేరే ఉంటారు. అది చెప్పే ఒక్కొక్క మాటకీ అర్థం ఏమిటో జనానికి తెలిసేలా రాయడం నా పని. ఆ టూలు చెప్పేది మూడే మాటలు. అనుమతి ఉంది. అనుమతి లేదు. లాకరు మూసి ఉంది. ఆ మూడు మాటలకి మూడు వారాలు తీసుకున్నాను.

నువ్వు చదివిన దాంట్లో నాది మొదటి వాక్యం. నిశ్చింత నాది కాదు. దాని చోట నేను రాసినది ఇది: "అయితే అప్పటికే పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళిన ఏజెంటును ఇది బయటికి పంపదు. పంపాలంటే పాస్‌వర్డు మార్చండి." అంటే తాళంచెవి లాక్కున్నంత మాత్రాన, అప్పటికే ఇంట్లో దూరి కూర్చున్నవాడు లేచి పోడు. ఆ టూలు చూసేది చెవి ఎవరి దగ్గరుందన్నదే. ఇంట్లో ఎవరున్నారో చూడదు. నీ ఏజెంటు కిందటేడే నీ మెయిల్లో దూరింది. నువ్వు చెవి లాక్కున్నావు. అది లోపలే ఉండిపోయింది.

ఆ వాక్యాన్ని మా మేనేజరు కొట్టేసింది. "ఇది చదివితే జనం భయపడతారు. భయపడితే మన టూలు ఎందుకు?" అంది. రెండు రోజులు వాదించాను. మూడో రోజు డాక్టరు దగ్గర్నుంచి నా రిపోర్టు వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆవిడ నిశ్చింత అన్న మాట చేర్చి పంపితే, చదివాను, తప్పని తెలుసు, సరే అని నొక్కేశాను. ఓపిక లేదు వదినా. అంతే. దానికి ఇంకో మంచి కారణం ఏమీ లేదు.

నా చేతులు విరగ్గొడతానంటే వచ్చి విరగ్గొట్టు. నీ ప్లాస్టరు తెచ్చుకో.

కానీ ఒకటి అర్థం కాలేదు. ఏజెంటు లోపల ఉంది సరే. నీకు వీలుపడుతుందో లేదో దానికెలా తెలుసు? "చూసి చెబుతాం" అనొచ్చు. "సందేశం అందింది" అనొచ్చు. తనంతట తను కాదని ఎందుకు చెప్పింది? మా టూలు చేసినాయన్ని కూడా అడిగాను. "ఎవరో చెప్పి ఉంటారు" అన్నాడు.

ఎవరు చెప్పారు?

పేచీ


మార్చి 5

పేచీ,

ముందు నా తిట్లు నేను తిట్టేస్తాను. తప్పని తెలిసి సరే అని నొక్కావా? నేను పన్ను ఒక వెంట్రుకవాసి ఎత్తుగా ఉందని తెలిసి కూడా డాక్టరుకి పంపేస్తే, అది పెట్టుకున్న ముసలాయన అన్నం తినలేక చస్తాడు. ఓపిక లేని రోజు నేను పంపను. పెట్టెలో పెట్టి ఇంటికొచ్చేస్తాను. నీకు ఒంట్లో బాగాలేదని నాకు జాలి ఉంది. అయినా ఇది చెప్పకుండా ఉండలేను. నిన్ను నమ్మి నాలాంటి వాళ్ళు ఎంతమంది నిశ్చింతగా కూర్చున్నారో!

ఇప్పుడు నువ్వు అడిగినదానికి జవాబు. నాలుగు కాగితాలు చింపాను.

నేనే చెప్పాను.

నీకు తెలుసు కదా మన చుట్టాల సంగతి. పళ్ళసెట్లు చేస్తానని తెలిసిన దగ్గర్నుంచి పెదమామయ్యకి పైవరుస కావాలి, మా అక్క తోటికోడలి తమ్ముడికి ముందు పన్ను కావాలి, మా పిన్ని వాళ్ళ వియ్యపురాలికి మొత్తం నోరే కావాలి. కాదంటే కొంపలంటుకుంటాయి. ఏజెంటుని పెట్టుకున్న మొదటి వారం దానికి నియమాలు రాసివ్వమంటే రాసిచ్చాను. డాక్టరైతే ఇలా, కొరియరైతే ఇలా. చివర్లో నవ్వుకుంటూ ఒకటి రాశాను: "బంధువులు ఏది అడిగినా మర్యాదగా వీలుపడదని చెప్పు."

నీ ఇంటిపేరూ మా ఇంటిపేరూ ఒకటే. పైగా నువ్వు "వదినా" అని మొదలుపెట్టావు. దానికి ఇంకేం కావాలి?

అంటే అది నా మాటే చెప్పింది. నేనెప్పుడూ వాడని మాటల్లో చెప్పింది గానీ, మాట నాదే. రెండు రోజులుగా అన్నం సహించడం లేదు. మీ అన్నయ్యకి ఇది చెప్పలేదు. నీకే ముందు చెబుతున్నాను.

పదహారో తేదీకి బయల్దేరి వస్తున్నాను.

వదిన


మార్చి 11

వదినా,

రావద్దు.

బంధువులు ఏది అడిగినా! నేనూ, పిన్ని వియ్యపురాలూ ఒకే వరుసలోనా? నవ్వుకుంటూ రాశావట. నేను ఏడుస్తూ చదివాను. ఆ నియమంలో "మా ఆడపడుచు తప్ప" అని ఇంకో మూడు మాటలు చేర్చడానికి నీకు ఎంతసేపు పట్టేది? ఇంక నువ్వు నాకు ఒక వాక్యం ఎందుకు వదిలేశావని పాఠం చెబుతున్నావు! నువ్వు వదిలేసింది వాక్యం కాదు, నన్ను.

ఆ ఉత్తరం చదివిన రోజే ఆఫీసుకి వెళ్ళాను. ఇంకో వారం సెలవుంది, అయినా వెళ్ళాను. ఎవరి మీదో ఒకరి మీద అరవకపోతే పిచ్చెక్కేలా ఉంది. సోమవారం మీటింగులో కొత్త పేజీల గురించి మాట్లాడుతుంటే లేచి నిలబడ్డాను. పొట్ట పట్టుకుని నిలబడ్డాను. "ఒక పళ్ళ ల్యాబు ఆవిడ మన పేజీ చదివి నిశ్చింతగా ఉంది" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. మెయిలు చదివి వినిపించాను. జవాబు కూడా చదివి వినిపించాను.

మేనేజరు అంది, "పాపం. కానీ ఇది ఒక్క కస్టమరు సంగతి. అదీగాక ఆ నియమం ఆవిడే రాసుకుందంటున్నారు."

"ఆవిడ రాసుకుంది. దాన్ని ఆపడానికి ఆవిడ వచ్చింది కూడా. మనం ఆగిపోయిందని చెప్పి పంపేశాం" అన్నాను.

"ఎవరో ఒకరి ఇంటి గొడవని..."

"ఆవిడ మా వదిన. ఆ ఆపరేషను నాది. ఆ పేజీ కూడా నాదే. సరే అని నొక్కింది నేనే. ఇప్పుడు చెప్పండి, ఎవరి ఇంటి గొడవ?"

అప్పుడు టూలు చేసినాయన, ఎప్పుడూ నోరు విప్పని మనిషి, బల్ల వైపు చూస్తూ చెప్పాడు. "ఎవరు లోపల ఉన్నారో కూడా చాలాచోట్ల కనుక్కోవచ్చండి. చూపించవచ్చు. ఆరు నెలల నుంచి చెప్పాలనుకుంటున్నాను. ఎవరూ అడగలేదని ఊరుకున్నాను." వాడి మీద కూడా అరిచాను. ఆరు నెలలు!

నా వాక్యం పేజీలోకి వచ్చింది. నిశ్చింత పోయింది. ‘అనుమతి లేదు’ కింద, అదే సైజు అక్షరాల్లో ఉంది. చిన్న అక్షరాలు పెడతామంటే ఒప్పుకోలేదు. నన్ను మాత్రం ఆ పని నుంచి తీసేసి ప్రింటర్ల పేజీలు రాయమన్నారు. మీటింగులో నేను మాట్లాడిన తీరు బాగాలేదట. నిజమే, బాగాలేదు. మర్యాదగా రాసినవి ఏం చేశాయో చూశాం కదా.

వాక్యం గెలిచాను. అయినా నీ మీద కోపం తగ్గలేదు. ఇప్పుడొస్తే ఏమంటానో నాకే తెలియదు. అందుకే రావద్దు.

పేచీ


మార్చి 17, ఉదయం

పేచీ,

నీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని నీకే ఉత్తరం రాస్తున్నాను. నీకూ నాకూ మధ్య ఒక గోడే ఉంది. అయినా మాటలు దాటడం లేదు.

నిన్న సాయంత్రం తలుపు తీసి "రావద్దన్నానుగా" అన్నావు. "చదవలేదు" అన్నాను. అబద్ధం. చదివే వచ్చాను. అప్పుడు నువ్వు నన్ను ఏమన్నావో మళ్ళీ రాయను. అన్నీ నిజాలే. ఒక్కటి తప్ప. నిన్ను వదిలేశానన్నావు. వదలలేదు. ఆ లెక్కలో నువ్వు కూడా వస్తావని మర్చిపోయాను. నువ్వు చుట్టానివని నాకెప్పుడూ అనిపించలేదు పేచీ, అందుకే ఆ నియమం రాసేటప్పుడు నీ మొహం గుర్తు రాలేదు. ఇది సాకులా ఉందని తెలుసు. నమ్మితే నమ్ము.

నువ్వు తలుపు వేసుకున్నాక ఇల్లు చూశాను. హాల్లో మంచం పక్కన రెండు కుర్చీలు దగ్గరగా లాగి ఉన్నాయి. ఒకదాని మీద బిస్కట్ల డబ్బా, మందులు, ఫోను ఛార్జరు, పొడవాటి గరిటె. ఆ గరిటె ఎందుకో చాలాసేపు తెలియలేదు. లైటు స్విచ్చి నొక్కడానికి కదూ? రెండో కుర్చీ కింద నీళ్ళ సీసాలు ఎనిమిది. బరువు ఎత్తకూడదంటారని ఆసుపత్రికి వెళ్ళే ముందే అన్నీ నింపి వరుసగా పెట్టుకున్నావు. చివరి రెండింట్లో ఇంకా నీళ్ళున్నాయి. దుమ్ము పట్టాయి.

ఆ సీసాలు నింపేటప్పుడు నువ్వు ఎలా ఉన్నావో అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. నిన్ను తిట్టిన ఉత్తరాలన్నీ వెనక్కి తీసుకోను. పేజీ విషయంలో నీదే తప్పు. కానీ ఆ సీసాలు నావి. వాటికి నేను చెప్పగలిగే మాట ఏదీ లేదు. కడిగి బోర్లించాను.

ల్యాబు నెలాఖరు దాకా మూసేశాను. మెయిలు పాస్‌వర్డు మార్చాను. నియమాలన్నీ చెరిపేశాను. పళ్ళు అడిగే చుట్టాలతో ఇకమీద నేనే గొడవపడతాను.

నీ మందుల్లో ఒకటి అయిపోయింది. కొనుక్కురావడానికి వెళ్తున్నాను. లేచేసరికి నేను కనబడకపోతే వెళ్ళిపోయాననుకోవద్దు.

వదిన


(అదే కాగితం వెనక, పెన్సిలుతో)

వదినా,

ఆఫీసు బస్సుకి టైమైంది, నువ్వు ఇంకా రాలేదు. మందుల షాపు ఎడమ వైపు, నువ్వు కుడి వైపు వెళ్ళి ఉంటావు. ఎప్పుడూ అంతే.

నాకు ఇంకా కోపంగానే ఉంది. నిన్న నేను అన్నది సగం కూడా కాదు. ఆరింటికల్లా వస్తాను, మిగతాది అప్పుడు అంటాను. నువ్వూ అను, పేజీ గురించి. ఎంతసేపైనా కూర్చుని అనుకుందాం.

అన్నం నాకు కూడా పెట్టు.